1640 – 2150 చెస్ గేమ్: 64వ ఎత్తులో చేజారిన డ్రా. అసలు ఎక్కడ మొదలైంది?

గళ్లబల్ల
ఓపెన్ టోర్నమెంట్ గేమ్. తెల్ల రేటింగ్ 1640, నల్ల రేటింగ్ 2150. సమయం 90 నిమిషాలు, మొదటి ఎత్తు నుంచే ఎత్తుకి 30 సెకన్లు కలుస్తాయి. ఆటగాళ్ల పేర్లు అక్కర్లేదు. మొత్తం ఎత్తులు పెట్టను, మూడు చోట్ల ఆపుతాను.

ఓపెనింగ్: 1.ఇ4 ఇ6 2.డి4 డి5 3.ఇ×డి5 ఇ×డి5 4.నైట్ ఎఫ్3 బిషప్ డి6 5.బిషప్ డి3 నైట్ ఇ7 6.క్యాస్లింగ్ (రాజు వైపు) బిషప్ జి4 7.రూక్ ఇ1 నైట్ బి-సి6 8.సి3 క్వీన్ డి7 9.నైట్ బి-డి2, ఇక్కడ నల్ల క్వీన్ వైపు క్యాస్లింగ్ చేసింది. తెల్ల 10.హెచ్3 ఆడింది.

మధ్యలో: 23వ ఎత్తులో తెల్ల తన డి3 బిషప్‌తో ఎఫ్5 మీదున్న నైట్‌ని కొట్టింది. కాసేపటికి క్వీన్లు పోయాయి. 29వ ఎత్తుకి తెల్లకి రూక్, నైట్; నల్లకి రూక్, బిషప్; బంట్లు ఆరుకి ఆరు, రెండు వైపులా. 44వ ఎత్తు దగ్గర అదే పొజిషన్ మూడోసారి వచ్చింది. తెల్ల ఎత్తు ఆడేసి, గడియారం నొక్కి, అప్పుడు డ్రా కావాలని ఆర్బిటర్‌ని (ఆట నిర్ణేతని) పిలిచింది. క్లెయిమ్ చెల్లలేదు.

చివర: 61వ ఎత్తుకి తెల్ల రాజు ఇ1, రూక్ బి3. నల్ల రాజు డి4, రూక్ హెచ్2, బంటు ఇ4. నల్ల వంతు. 61...ఇ3 62.రూక్ బి4+ రాజు డి3 63.రూక్ బి3+ రాజు ఇ4 64.రూక్ బి4+ రాజు ఎఫ్3, తెల్ల ఓటమి ఒప్పుకుంది.

గడియారం: 20 ఎత్తులయ్యాక తెల్ల దగ్గర 22 నిమిషాలు, నల్ల దగ్గర 61. 40కి తెల్ల దగ్గర 3 నిమిషాలు. ఆ తర్వాత 30 సెకన్ల మీదే బతుకు.

మూడోవరుస
చివరి నుంచే మొదలుపెడదాం, గేమ్ తేలింది అక్కడే.

61వ ఎత్తు ముందు పొజిషన్ ఫిలిడోర్ డ్రా (రూక్, బంటు ఉన్నవాడి మీద ఒక్క రూక్‌తో కాపాడుకునే పద్ధతి). పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా వచ్చింది. కాపాడుకునేవాడి రాజు బంటు ముందు గడుల్లో, రూక్ మూడో వరుసలో. రూక్ అక్కడున్నంతసేపూ నల్ల రాజు మూడో వరుసలోకి దిగలేదు. నల్లకి మిగిలిన దారి బంటుని ఇ3కి తోయడం. తోసిన క్షణం నుంచి మూడో వరుస కాపలాకి పని లేదు. ఎందుకంటే నల్ల రాజుకి వెనక నుంచి వచ్చే చెక్‌ల నుంచి తలదాచుకోవడానికి ముందున్న గడి ఇక లేదు, అందులో బంటు కూర్చుంది. కాబట్టి వెంటనే 62.రూక్ బి8. రాజు డి3కి వస్తే రూక్ డి8+, ఇ4కి పోతే రూక్ ఇ8+, ఎఫ్3కి పోతే రూక్ ఎఫ్8+. జి2కి పారిపోతే రూక్ ఇ8 ఆడి ఇ3 బంటు మీద పడొచ్చు.

గేమ్‌లో జరిగింది వేరు. 62.రూక్ బి4+ ఇంకా ఓడదు, కానీ పనికిమాలిన చెక్. రాజు డి3కి రాగానే హెచ్1 మీద మేట్ బెదిరింపు. 63.రూక్ బి3+ సరైనదే: రాజు సి2కి పోతే రూక్ ఇ3 బంటుని తినేస్తుంది, అందుకే నల్ల ఇ4కి తగ్గింది. ఇక్కడే రెండో అవకాశం. 64.రూక్ బి8 ఆడి ఉంటే రాజు ఎఫ్3కి రూక్ ఎఫ్8+, రాజు డి3కి రూక్ డి8+, డ్రా అలాగే ఉండేది. 64.రూక్ బి4+ ఆడటంతో పోయింది. రాజు ఎఫ్3కి వచ్చాక ఎఫ్ ఫైల్లో (నిలువు వరుసలో) చెక్ ఇవ్వాలంటే రూక్‌కి దొరికేది ఎఫ్4 ఒక్కటే, అది రాజు పక్క గడి, తినేస్తాడు.

ఆ తర్వాత ఏం ఆడినా లాభం లేదు. 65.రాజు ఎఫ్1కి రూక్ హెచ్1 మేట్. 65.రూక్ బి1కి కూడా హెచ్1 మేటే: చెక్ హెచ్ వైపు నుంచి వస్తుంది, రూక్ అవతలి వైపు ఉంటే అడ్డం రాలేదు, డి2, ఎఫ్2 గడులు ఇ3 బంటు చేతిలో ఉన్నాయి. 65.రాజు డి1 రూక్ హెచ్1+ 66.రాజు సి2 ఇ2, బంటు క్వీన్ అవుతుంది.

సగంపాయింటు
64.రూక్ బి8కీ రూక్ బి4కీ తేడా రేటింగ్‌లో చెప్పాలంటే సరిగ్గా 10 పాయింట్లు. ఇద్దరికీ కె (ఒక గేమ్‌తో రేటింగ్ ఎంత మారాలో చెప్పే గుణకం) 20 అనుకుంటే (2400 ఎప్పుడూ దాటనివాళ్లు, 30 గేములు పూర్తయినవాళ్లు) ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) లెక్క ఇలా ఉంటుంది. తేడా 510. కానీ 400 దాటిన తేడాని 400గానే లెక్కేస్తారు. 400కి పట్టికలో పెద్ద రేటింగ్‌వాడి అంచనా (ఒక గేములో రావలసిన పాయింటు) 0.92, చిన్నవాడిది 0.08. అంటే తెల్ల గెలిస్తే +18.4, డ్రా చేస్తే +8.4, ఓడితే −1.6. నల్లకి ఇవే అంకెలు గుర్తు తిరగేసి.

కె 40 ఉన్న జూనియర్ అయితే (18 ఏళ్ల లోపు, 2300 కింద) డ్రాకే +16.8.

ఏడోగడి
@సగంపాయింటు గారూ, 400 తేడాకి 0.909 కదా? 1 ÷ (1 + 10) చేస్తే చిన్నవాడికి 0.0909 వస్తుంది. 0.08 ఎక్కడిది?

సగంపాయింటు
మీరు వేసిన సూత్రం ఆన్‌లైన్ సైట్లలో ఎక్కువగా వాడేది. ఫిడే వాడేది అచ్చువేసిన పట్టిక. అందులో 392 నుంచి 411 వరకు తేడాకి 0.92. 510కి పరిమితి లేకుండా చూస్తే పట్టికలో 0.96, మీ సూత్రంతో 0.95 దగ్గర. చిన్న తేడాల్లో రెండూ ఒకటే: 100కి 0.64, 200కి 0.76.

ఈ 400 పరిమితి వల్ల లాభపడేది చిన్నవాడని చాలామంది అనుకుంటారు. తిరగేసి చూడండి. 510 తేడాలో నిజమైన అంచనా 0.96 అయితే, లెక్క మాత్రం 0.92 దగ్గర ఆగిపోతోంది. పెద్దవాడు అంచనా ప్రకారమే ఆడినా గేముకి సగటున 0.8 పాయింటు మిగులుతుంది. ఈ వెసులుబాటు శిఖరంలో ఉన్నవాళ్లకి ఇప్పుడు లేదు. 2025 అక్టోబరు 1 నుంచి 2650, ఆపైన ఉన్నవాళ్లకి అసలు తేడానే లెక్క. మన 2150కి మాత్రం పాత పద్ధతే. అయినా ఒక్క డ్రా ఇస్తే 8.4 పోతుంది, గెలుపుకి వచ్చేది 1.6. ఆ ఒక్క డ్రా పూడ్చుకోవడానికి ఆరు గెలుపులు కావాలి. 61వ ఎత్తు దాకా నల్ల ఎందుకు పట్టు వదల్లేదో ఇందులోనే ఉంది.

ఇంకో సంగతి. 2024 మార్చి 1న 2000 కింద ఉన్న రేటింగులన్నీ ఒక్కసారి పైకి జరిపారు: 2000కి ఎంత తక్కువో అందులో 40 శాతం కలిపారు. 1400 ఉన్నవాళ్లు 1640 అయ్యారు. పాత గేముల్లో "1400" చూసి తేలిగ్గా తీసుకోవద్దు, ఇప్పటి కొలతలో అది 1640.

ఇంజన్‌చూపు
కంప్యూటర్ ఇంజన్ పెడితే 61, 62, 63 అన్నీ 0.00 (సమానం). 64 ఒక్కటే తప్పు. మిగతా గేమ్ గురించి ఇంత చర్చ ఎందుకు?

మూడోవరుస
0.00 అంటే సరైన ఎత్తు ఉందని మాత్రమే, దాన్ని కనుక్కోవడం ఎంత తేలికో అది చెప్పదు. 62.రూక్ బి8 ఆడితే ఆపైన ప్రతి చెక్ దూరం నుంచి, ఆలోచన అక్కర్లేనిది. 62.రూక్ బి4+ ఆడాక మేట్ బెదిరింపు కింద కచ్చితమైన చెక్ వెతకాలి, ఆ తర్వాత చెక్ ఇవ్వాలన్న కోరిక ఆపుకుని చెక్ కాని ఎత్తు ఆడాలి. 30 సెకన్లలో చెక్ ఉన్నప్పుడు చెక్ ఇవ్వకుండా ఉండటం కష్టం. తెల్ల ఓడింది దానివల్లే.

ఆర్బిటర్‌కుర్చీ
44వ ఎత్తు సంగతి చెప్తాను, ఇది ప్రతి టోర్నమెంట్‌లో కనిపించే తప్పే.

పొజిషన్ మూడోసారి రావడం దానంతటది డ్రా కాదు. క్లెయిమ్ చెయ్యాలి, అదీ మీ వంతులో. రెండు పద్ధతులు. ఇప్పుడే అవతలివాడి ఎత్తుతో మూడోసారి వచ్చింది: ఏ పావునీ ముట్టుకోకుండా గడియారం ఆపి ఆర్బిటర్‌ని పిలవండి. లేదా మీ ఎత్తుతో మూడోసారి రాబోతోంది: ఆ ఎత్తుని బోర్డు మీద ఆడకండి. స్కోర్ షీట్ మీద రాయండి, గడియారం ఆపండి, "ఈ ఎత్తుతో మూడోసారి వస్తుంది" అని ఆర్బిటర్‌కి చెప్పండి. ఆడాలన్న ఉద్దేశంతో పావుని ముట్టుకున్నారంటే ఆ వంతుకి క్లెయిమ్ హక్కు పోయినట్టే. ఇక్కడ తెల్ల ఆడి, గడియారం కూడా నొక్కేసింది. అప్పటికి వంతు నల్లది. క్లెయిమ్ చేసుకునే హక్కు నల్లకే, అది ఎందుకు చేసుకుంటుంది!

మూడుసార్లు వరసగా రానక్కర్లేదు. మధ్యలో వేరే పొజిషన్లు వచ్చినా లెక్కే. అయితే ఎవరి వంతో అదే ఉండాలి, క్యాస్లింగ్, ఎన్ పాసాన్ (రెండు గడులు దూకిన బంటుని వెంటనే బంటుతో తినడం) హక్కులు అవే ఉండాలి. బంటు కదిలినా, పావు పోయినా పాత లెక్క చెరిగిపోయినట్టే. ఐదోసారి వస్తే మాత్రం ఎవరూ అడగకుండానే ఆర్బిటర్ డ్రా ఇస్తారు.

తప్పు క్లెయిమ్ అయితే ఎదుటివాడికి రెండు నిమిషాలు కలుపుతారు, మీరు రాసిన ఎత్తు ఆడి తీరాలి. ఓడిపోరు. ఖాయంగా తెలియకపోయినా పొజిషన్ సమంగా ఉంటే, ఎదుటివాడి దగ్గర ఎలాగూ 40 నిమిషాలుంటే, ఆ రెండు నిమిషాలు పెద్ద నష్టం కాదు.

ఏడోగడి
స్కోర్ షీట్ చివర్లో రాయడం మానేయవచ్చు కదా, 5 నిమిషాల కిందకి వచ్చాక?

ఆర్బిటర్‌కుర్చీ
30 సెకన్లు కలిసే ఆటలో కుదరదు. ఆ మినహాయింపు ఎత్తుకి 30 సెకన్ల కంటే తక్కువ కలిసేచోటే. ఇక్కడ చివరి ఎత్తు దాకా రాయాలి. రాతకి మూడు నాలుగు సెకన్లు పోతాయి, 30లో ఆలోచనకి మిగిలేది 25 అనుకోండి.

ఎదురుదాడి
ఓపెనింగ్ మాట్లాడరేం? ఎక్స్ఛేంజ్ ఫ్రెంచ్ (3వ ఎత్తులోనే డి5 మీద బంట్లు మార్చుకునే ఓపెనింగ్) ఆడి "నాకు డ్రా చాలు" అని తెల్ల ముందే చెప్పేసింది. నల్ల దాన్ని అర్థం చేసుకుని నైట్ ఇ7, బిషప్ జి4, క్వీన్ డి7, క్వీన్ వైపు క్యాస్లింగ్ చేసింది. బంట్లు అద్దంలో బొమ్మలా ఉన్నప్పుడు గొడవ పెట్టాలంటే రాజుల్ని చెరో వైపు పెట్టాలి. 2150 చేసిన పని బాగుంది, కానీ ఉచితం కాదు. నల్ల రాజు సి8లో ఉంది, సి6 నైట్‌కి దన్నుగా ఉన్న బి7 బంటు కదిలితే రాజు ముందు గుల్ల అవుతుంది. ఇక్కడ తెల్ల ఆడాల్సిన ఎత్తు 10.బి4.

బి5 తోస్తే సి6 నైట్ కదలాలి, వెనక ఎ4, క్వీన్ ఎ4 ఉన్నాయి. 10...నైట్×బి4 అంటే 11.సి×బి4 బిషప్×బి4, ఒక నైట్‌కి రెండు బంట్లు, పైగా తెల్లకి బి, సి ఫైళ్లు తెరుచుకున్నాయి; నల్ల రాజు అటే ఉంది. నల్ల అంతా సరిగా ఆడినా తెల్ల దాడే ముందు.

10.హెచ్3 దీనికి పూర్తిగా వ్యతిరేకం. బిషప్ హెచ్5కి తగ్గుతుంది, ఎఫ్3 నైట్ ఇంకా కట్టుబడే ఉంది, కదిలితే వెనకున్న క్వీన్ పోతుంది. నల్ల జి బంటు జి5, జి4 అని వస్తే హెచ్3 బంటుతో తగులుకుని ఫైల్ తెరుచుకుంటుంది. హెచ్2లో ఉంటే ఆ తగులుడు ఉండేది కాదు. రాజులు చెరో వైపు ఉన్నప్పుడు మన రాజు ముందు బంటు కదపడం అంటే ఎదుటివాడికి ఒక ఎత్తు కలిపి ఇవ్వడమే.

గళ్లబల్ల
1640వాడు 2150 మీద బి4 తోసి దాడికి దిగడం ప్రమాదం కాదా? పదునైన పొజిషన్లో పెద్దవాడు ఎక్కువ దూరం చూస్తాడు కదా.

ఎదురుదాడి
ఆ మాట సగం నిజం. దాడి చెయ్యకపోతే నల్ల దాడి ఆగదు, రాజులు చెరో వైపు ఉన్నాయి. నెమ్మదిగా ఆడాలనుకుంటే ఆ నిర్ణయం 9వ ఎత్తుకి ముందే తీసుకోవాలి. ఉదాహరణకి 7వ ఎత్తులోనే హెచ్3 అడిగి ఉంటే బిషప్ మార్చుకుంటుందా, తగ్గుతుందా అని నల్ల క్యాస్లింగ్ ఎటో తేలకముందే తెలిసేది. పొజిషన్ అడిగేది ఒకటి, మన భయం అడిగేది ఇంకొకటి అయినప్పుడు పొజిషన్ మాట వినాలి.

పైవాళ్లు కూడా ఓడతారని గుర్తు చేయడానికి ఒకటి: 2023 ఖతార్ మాస్టర్స్‌లో 2512 ఉన్న అలిషెర్ సులేమెనోవ్ తెల్లతో 2839 ఉన్న మాగ్నస్ కార్ల్‌సన్‌ని ఓడించాడు. తేడా 327.

మందబిషప్
నా దృష్టిలో అసలు తప్పు 23వ ఎత్తు. "పెద్దవాడి మీద పావులన్నీ మార్చేయ్, డ్రా వస్తుంది" అనే సలహా ఫలితం ఇది.

తెల్ల బంట్లు సి3, డి4 నల్ల గడుల మీద ఉన్నాయి. కాబట్టి తెల్లకి మంచి బిషప్ డి3లో ఉన్నదే, తెల్ల గడులది. దాన్నే నైట్‌కి ఇచ్చేసింది. నల్లకి చివరికి మిగిలింది నల్ల గడుల బిషప్: సొంత డి5 బంటు తెల్ల గడి మీద ఉండటంతో అడ్డం లేదు, తెల్ల బంట్లు మాత్రం దాని దారిలోనే నిలబడ్డాయి. రెండు వైపులా బంట్లున్నప్పుడు బిషప్ ఒక్క ఎత్తులో ఇటు నుంచి అటు పోతుంది, నైట్‌కి మూడు నాలుగు పడుతుంది. బంట్లు ఆరుకి ఆరు సమానమే, కానీ ఆడటానికి సుఖం నల్లది, కాపాడే బాధ తెల్లది.

మార్పిడి ముందు చూడాల్సింది ఎన్ని పావులు తగ్గుతాయన్నది కాదు, బోర్డు మీద ఏది మిగులుతుందన్నది. ఒకే రంగు బిషప్‌లు రెండూ పోవడం, లేదా ఒక్క ఓపెన్ ఫైల్ మీద రూకులన్నీ పోవడం డ్రాకి దగ్గర చేస్తుంది. మంచి బిషప్‌ని నైట్‌కి ఇవ్వడం దూరం చేస్తుంది. 500 రేటింగ్ తేడా ఎక్కువగా బయటపడేది దాడిలో కాదు, ఇలాంటి విసుగు పుట్టించే ఎండింగ్‌లో.

ఇంజన్‌చూపు
ఇక్కడ కూడా ఇంజన్ 0.3 కంటే ఎక్కువ చూపించదు అనుకుంటా.

మందబిషప్
అయినా ఆ కాసింత ఆధిక్యాన్ని 2150వాడు 40 ఎత్తులు సాగదీస్తాడు. తెల్ల 40 సార్లు సరిగా ఆడాలి.

నిమిషంముల్లు
అందరూ పొజిషన్లే చూస్తున్నారు, గడియారం చూడండి. 20 ఎత్తులకి దొరికింది 90 + 10 = 100 నిమిషాలు. తెల్ల దగ్గర 22 మిగిలాయి, అంటే 78 వాడింది, ఎత్తుకి దాదాపు 4 నిమిషాలు. నల్ల వాడింది 39. తెల్ల 21 నుంచి 40 వరకు 32 నిమిషాల్లో 29 ఖర్చు పెట్టింది. 60 ఎత్తుల గేమ్‌కి మొత్తం 120 నిమిషాలు, సగటున 2. పెద్దవాడి మీద ఆడేటప్పుడు ప్రతి ఎత్తులోనూ ఉచ్చు ఉందేమోనన్న అనుమానంతో ఓపెనింగ్‌లోనే సమయం కరిగిపోతుంది. అనుమానపడాల్సిన అవసరం లేని 5వ, 6వ ఎత్తులకి ఖర్చయింది, 23వ ఎత్తుకి, 44కి, 64కి మిగల్లేదు.

ఇలాంటి గేమ్‌కి నేను పెట్టే గీత: 20కి కనీసం 45 నిమిషాలు, 40కి కనీసం 15. దీనికంటే తగ్గుతుంటే సమానంగా కనిపించే రెండు ఎత్తుల మధ్య ఊగిసలాట మానేసి ఒకటి ఆడేయాలి.

ఏడోగడి
సమంగా ఉన్నప్పుడు తెల్ల డ్రా ఆఫర్ ఇచ్చి ఉంటే?

ఆర్బిటర్‌కుర్చీ
ఇవ్వచ్చు. పద్ధతి: ఎత్తు ఆడాలి, ఆఫర్ చెప్పాలి, గడియారం నొక్కాలి. స్కోర్ షీట్ మీద (=) గుర్తు. వెనక్కి తీసుకోలేరు, ఎదుటివాడు ఒప్పుకునేదాకా, నోటితో కాదనేదాకా, లేదా ఆడటానికి పావు ముట్టుకునేదాకా అది నిలిచే ఉంటుంది. మాటిమాటికీ అడిగితే ఇబ్బంది పెట్టడం కిందకి వస్తుంది, ఆర్బిటర్ శిక్ష వేయొచ్చు.

సగంపాయింటు
నియమం సరే. ఆటపరంగా 500 తేడాలో చిన్నవాడి ఆఫర్‌ని పెద్దవాడు సాధారణంగా తీసుకోడు, 8.4 పోతుంది కదా. పైగా మీకు భయంగా ఉందని తెలిసిపోతుంది. మీ పొజిషన్ నిజంగా మెరుగ్గా ఉన్నప్పుడు, అతని గడియారం తక్కువగా ఉన్నప్పుడు అడిగితేనే పని చేస్తుంది.

గళ్లబల్ల
@మూడోవరుస గారూ, ఒకవేళ నల్ల ఇ3 తొయ్యకుండా తిప్పుతూ కూర్చుంటే? తెల్ల ఎంతసేపు కాపాడాలి?

మూడోవరుస
రూక్‌ని మూడో వరుసలోనే అటూ ఇటూ కదపాలి: బి3, ఎ3, మళ్లీ బి3. నల్ల రాజుకి దూరంగా ఉంచండి, ఆ రాజు పక్క గడికి తీసుకెళ్తే దాని మీద పడతాడు. నల్ల రూక్ రెండో వరుస వదిలితే మీ రాజు ఇ2కి రావచ్చు. నల్ల రూక్ మార్పిడి అడిగితే బంటు ఎండింగ్ లెక్క పూర్తిగా చూశాకే ఒప్పుకోండి. బంటు కదలకుండా, పావు పోకుండా ఇద్దరూ చెరో 50 ఎత్తులు పూర్తిచేస్తే క్లెయిమ్ చేసుకోవచ్చు. 75 అయితే దానంతటదే డ్రా. అందుకే షీట్ మీద చివరి బంటు ఎత్తు పక్కన ఒక చుక్క పెట్టుకుంటే లెక్క తేలిక.

ఇంకో తప్పు కూడా తరచూ వస్తుంది. రూక్‌ని మొదటి వరుసకి తెచ్చి రాజు పక్కన కూర్చోబెట్టడం. బి, జి ఫైళ్ల బంటు మీద, అంచు ఫైళ్ల బంటు మీద అది నిలుస్తుంది. మధ్య బంట్ల మీద, సి, ఎఫ్ బంట్ల మీద నిలవదు, బంటుకి అవతలి వైపు కూడా నల్ల రూక్‌కి చోటు దొరుకుతుంది.

సాధన చెయ్యాలంటే 61వ ఎత్తు పొజిషన్ పెట్టి, ఇంజన్‌కి నల్ల ఇచ్చి, ఎత్తుకి 30 సెకన్లతో తెల్ల ఆడండి. తర్వాత 63...రాజు ఇ4 పొజిషన్ నుంచి విడిగా, చెక్ ఇవ్వకుండా బి8కి వెళ్లడం చేతికి అలవాటయ్యేదాకా. ఆ తర్వాత బంటుని డి ఫైలుకి, ఎఫ్ ఫైలుకి జరిపి అదే ఆడండి. ఎఫ్ బంటుతో ఆడేటప్పుడు రూక్ ఎ, బి ఫైళ్ల వైపు ఉండాలి, పక్క చెక్‌లకి దూరం అటే దొరుకుతుంది.

గళ్లబల్ల
డి బంటుతో పెట్టి చూశా. నల్ల డి3 తోశాక రూక్ ఎనిమిదో వరుసకి వెళ్తే అంతే కదా, వేరే మెలిక ఏమీ లేదు?

మూడోవరుస
లేదు, అదే పద్ధతి. నల్ల రాజు మాత్రం ఇ3 వైపు వస్తుంది, చెక్ ఇ8 నుంచి.